పల్చటి అడ్డు

నవంబరు 5, బుధవారం

వెళ్ళాను. పదకొండు నెలల తరవాత లైబ్రరీ మెట్లెక్కాను. పై గది ఏమీ మారలేదు. అవే మూడు బల్లలు, వాటి మీద అదే పువ్వుల రెగ్జిను, నీళ్ళు దిగని అదే సింకు. తడి ఉన్నీ సబ్బూ కలిసిన వాసన గుమ్మం దగ్గరే ఎదురొచ్చింది. చెల్లి ఎప్పుడు వాటేసుకున్నా ఇదే వాసన. దిగిపోదామని వెనక్కి తిరిగాను గానీ వెనక పిల్ల ఉంది. చెల్లెలి కూతురికి పందొమ్మిదేళ్ళొచ్చాయి, కళ్ళద్దాల షాపులో ఉద్యోగం కూడా చేస్తోంది. అయినా నా నోట పిల్ల అనే వస్తుంది, ఇక్కడా అదే రాస్తాను.

బుధవారం బుధవారం ఉన్ని పని గుంపులో అందరూ తాము చేసినవి తెచ్చి బల్ల చుట్టూ తిప్పుతారు. చేతిలోకి వచ్చినదాన్ని చూసి ఒక మెప్పు, ఒక వంక చెప్పాలి. చెల్లి పెట్టిన పద్ధతి. ఇవాళ నర్సు చేసిన కుక్క వచ్చింది. ఉన్ని ముద్దని గంట్లున్న సూదితో వెయ్యిసార్లు పొడిస్తే గట్టిపడి బొమ్మవుతుంది. మెప్పు: చెవులు బాగున్నాయి. వంక: అది కుక్క కాదు, పంది. పైకే అనేశాను. నర్సు అందరికంటే గట్టిగా నవ్వింది. చెల్లి పోయిన ఈ నెల రోజుల్లో ఆ గదిలో నవ్వడం ఇదే మొదటిసారట.

తరవాత టీచరమ్మ చెల్లి సంచీ బల్ల మీద పెట్టింది. ఆవిడ హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైంది, ఇప్పుడు గుంపుని ఆవిడే చూసుకుంటోంది. సంచీలో బూడిదరంగు ఉన్ని ఒక పొట్లం, ముదురు నీలం ఒక పొట్లం, కోటు ఆకారంలో కత్తిరించిన పెద్ద ప్లాస్టిక్ షీటు. పిల్లకి చేతుల్లేని కోటు చేద్దామనుకుంది చెల్లి. అందరం కలిసి పూర్తి చేద్దామంది టీచరమ్మ. "ఏ రంగు లోపలికి, ఏ రంగు పైకి? ఎక్కడా రాసుకోలేదు."

అందరూ పిల్ల వైపు చూశారు. పిల్ల నా వైపు చూసింది.

"నీలం లోపలికి, బూడిద పైకి," అన్నాను. "ఫోన్లో చెప్పింది నాకు."

మెట్లు దిగుతుంటే పిల్ల అడిగింది. "అమ్మ ఇంకేమంది పెద్దమ్మా?"

"నిన్ను జాగ్రత్తగా ఉండమంది."

"గొంతెలా ఉంది?"

"మామూలుగానే ఉంది. కాస్త బొంగురు."

తల ఊపింది. చెయ్యి పట్టుకుని మిగతా మెట్లు దింపింది, నేనేదో ముసల్దాన్నైనట్టు.


నవంబరు 6, గురువారం

"రంగులు కూడా చెప్పిందా?" అన్నారు ఈయన. ముందు గదిలో కూర్చుని, కంటికి భూతద్దం బిగించుకుని ఎవరిదో చేతి గడియారం విప్పుతున్నారు. ఆ ఒంటి కంటితో చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

"చెప్పింది."

"అంతేలే." మళ్ళీ పనిలో పడ్డారు. మూడు నిమిషాలాగి, "మొత్తం ఎంతసేపు మాట్లాడినట్టు?" అన్నారు.

కూరలో ఉప్పు వెయ్యలేదు. నోరెత్తకుండా తిన్నారు.


నవంబరు 9, ఆదివారం

చెల్లి ఆ రోజు నాలుగింటికి ఫోన్ చేసింది. పది నిమిషాలు మాట్లాడుకున్నాం. పాత గొడవ వదిలేద్దామక్కా అంది. నేనూ సరేనన్నాను. పిల్లకి చేస్తున్న కోటు గురించి చెప్పింది. ఒంట్లో కాస్త నలతగా ఉందంది, డాక్టరుకి చూపించుకోమన్నాను. పిల్లని ఓ కంట కనిపెట్టమంది.


నవంబరు 10, సోమవారం

ఎత్తలేదు.


నవంబరు 12, బుధవారం

నిన్నగాక మొన్న రాసిన ఒక్క ముక్క చూస్తే చెయ్యి రావట్లేదు. కొట్టెయ్యను కూడా.

ఇవాళ పనులు పంచుకున్నారు. నర్సు నీలం ఉన్ని ఏకుతుంది, లైబ్రరీ ఆవిడ బూడిద. టీచరమ్మ చాపా సబ్బూ చూస్తుంది. అసలు పని నాకిచ్చారు, అక్కని కదా. మా ఇంట్లో పెద్ద బల్ల ఉంది, ఉన్ని దాని మీద పరిచి, తడిపి, మొదటి రుద్దుడు నేను రుద్ది, చుట్టచుట్టి తీసుకురావాలి. ఒకసారి పరిచాక కదపకూడదు మరి. "మీ చెల్లెలు ఏమేం చెప్పిందో అలాగే చెయ్యమ్మా," అంది టీచరమ్మ. ఆ గదిలో ఇప్పుడు నా మాటే వేదవాక్కు. మాట నాది కాదు కదా.

పిల్ల సైకిల్ నడిపించుకుంటూ మా వీధి చివరిదాకా వచ్చింది.

"అమ్మ నవ్విందా పెద్దమ్మా, మాట్లాడేటప్పుడు?"

"ఒకసారి నవ్వింది."

"దేనికి?"

"నేనేదో అన్నాను. గుర్తులేదు."

"గుర్తొస్తే చెప్పు," అంది.


నవంబరు 13, గురువారం

నేనప్పుడు పనిలో ఉన్నాను. ఇది నిజం. లాండ్రీలో ఆల్టరేషన్లకి వచ్చిన బట్టలు శనివారం ఇంటికి తెచ్చుకుంటాను. చేతిలో ఎవరిదో ప్యాంటు, అంచు సగం కుట్టాను, నోట్లో గుండుసూదులు. ఫోన్ మోగింది. చెల్లి పేరు. ముందు గదిలోంచి ఈయన, "మోగుతోంది," అన్నారు. "వినపడుతోంది," అన్నాను. సూదులు నోట్లో పెట్టుకుని ఎవరైనా మాట్లాడతారా? ఆగిపోయింది.

మర్నాడు పొద్దున ఆసుపత్రిలో పోయింది. పిల్ల షాపు నుంచి వచ్చేసరికే ఇంట్లో పడిపోయి ఉందని, మాట పోయిందని అక్కడ ఎవరో అన్నారు. అంటే నాకు ఫోన్ చేసింది పడిపోకముందన్నమాట.

చెల్లి ఇంట్లో జనం. పక్కింటావిడ అంది, "ఆఖరి ఫోన్ మీకే చేసినట్టుందండీ. మాట్లాడిందా?" అందరూ తల తిప్పి చూశారు. గోడకి ఆనుకుని కూర్చున్న పిల్ల కూడా తలెత్తింది. ఆ కళ్ళు చూసి, మాట్లాడింది, అన్నాను. పిల్ల కోసమే అన్నాను. ఎవరున్నా అదే అంటారు.

అప్పట్నించీ పిల్ల నన్ను వదలట్లేదు. బుధవారం గుంపులో, ఆదివారం మా ఇంట్లో. వచ్చేది నా కోసం కాదు, ఆ పది నిమిషాల కోసం. లేదని తెలిసిన రోజు మళ్ళీ మా గడప తొక్కదు. నాకు పిల్లల్లేరు, ఉన్న ఒక్క చెల్లీ పోయింది. ఇక దాని కూతురు కూడా పోతే నేనెవరికి పెద్దమ్మని?


నవంబరు 16, ఆదివారం

ఫోన్ ట్యూన్ మార్చాను.


నవంబరు 17, సోమవారం

లాండ్రీలో ఎవరిదో ఫోన్ మోగింది, నా పాత ట్యూనే. గుండుసూది బొటనవేల్లో దిగింది. తెల్ల చొక్కా మీద రక్తం. ఓనరు చన్నీళ్ళు తెచ్చిచ్చాడు. ఆ ఫోన్ తాలూకు మనిషి తీరిగ్గా సంచీ అంతా వెతుక్కుంది. ఎత్తవమ్మా తల్లీ, ఎత్తు, అని అరిచాను. షాపంతా నన్నే చూసింది.


నవంబరు 19, బుధవారం

ఇవాళ వెళ్ళకుండా ఉండాల్సింది.

సింకు దగ్గర నీళ్ళు వంచుతుంటే వెనక నుంచి "అక్కా" అన్నారు. చేతిలో మగ్గు జారి పడింది. నర్సు. చిన్నది కదా, అందర్నీ అక్కా అనే పిలుస్తుంది. నా మొహం చూసి బీపీ చూస్తానని వెంటపడింది.

అది కాదు. లైబ్రరీ ఆవిడ బూడిద ఉన్ని ఏకుతూ, మాటల్లో, గోడ మీది మా వాన వైపు చూపించింది. నేనూ చెల్లీ మూడు నెలలు కూర్చుని, ఉన్ని తడిపి రుద్ది చేసిన ఫెల్ట్ తెర అది. మబ్బు నాది, చినుకులు చెల్లివి. కిందటేడు కింద హాల్లో ప్రదర్శన పెట్టినప్పుడు దాని పక్కన అతికించిన కార్డు మీద ఒక్క చెల్లి పేరే ఉంది. నా పేరు లేదు. అదేంటే అని అడిగితే, నాకేం తెలుసక్కా అని నవ్వింది. ఆ నవ్వుకి నాకు తల కొట్టేసినట్టయింది. క్షమాపణ చెప్పేదాకా ఈ గదిలో కాలు పెట్టను, నీతో మాట్లాడను, అన్నాను. మాటంటే మాటే మరి నాది.

"ఆ కార్డు నేనే రాశానండీ," అంది లైబ్రరీ ఆవిడ. "రెండు పేర్లు పట్టలేదు. చిన్న కార్డు. మీ చెల్లెలు వచ్చి అడిగింది కూడా, అక్క పేరు ఎందుకు లేదని. మారుస్తానన్నాను, మర్చేపోయాను. ఏమనుకోలేదు కదా?"

"ఏమనుకుంటానండీ," అన్నాను.

నవ్వాను కూడా.


నవంబరు 20, గురువారం

రెండు పేర్లు పట్టలేదు.


నవంబరు 22, శనివారం

ఇవాళ ఉన్ని పరిచాను. వివరంగా రాసుకోవాలి.

కోటు కుట్టు లేకుండా ఒకే ముక్కగా రావాలంటే మధ్యలో ప్లాస్టిక్ షీటు పెట్టాలి. దాన్ని మేం అడ్డు అంటాం. అడ్డుకి ఒక వైపు ఉన్ని పొరలు పరిచి, తిప్పి, రెండో వైపు పరిచి, అంచులు కలిపి మడుస్తాం. వేణ్ణీళ్ళూ సబ్బూ పోసి రుద్దితే వెంట్రుకా వెంట్రుకా పెనవేసుకుని గట్టిపడుతుంది. అప్పుడు మెడ దగ్గర కోసి అడ్డు లాగేస్తే లోపల మనిషి దూరే ఖాళీ ఉంటుంది. సబ్బు నీళ్ళకి ఉన్ని కుంచించుకుపోతుంది కాబట్టి అడ్డు మనిషి కంటే ఒకటిన్నర రెట్లు పెద్దగా కత్తిరిస్తాం. చెల్లి షీటు బల్ల మీద పరిస్తే ఎవరో భారీ మనిషి వెల్లకిలా పడుకున్నట్టుంది.

షీటు నిండా చెల్లి రాత. భుజం. చంక. మెడ ఇక్కడ కొయ్యాలి. కింద అంచు దగ్గర చిన్నగా, "తగ్గుతుంది, భయపడకు." తనకి తాను రాసుకుందో, పిల్లకి రాసిందో.

పెన్నుతో రాసింది. నీళ్ళు తగిలితే పోతుంది.

ఇంకో ప్లాస్టిక్ షీటు కొని దాని మీద గీసుకోవచ్చు. బజారుకి పోతే అరగంట. పోలేదు. చెల్లి షీటు తుడిచి, మడిచి, బీరువాలో నా బట్టల కింద పెట్టాను. పాత కర్టెన్ ఒకటుంది, పల్చటిది. దాన్ని అదే కొలతకి కత్తిరించి మధ్యలో పెట్టాను. అడ్డు అంటే అడ్డుగా ఉండేదే కదా. గుడ్డయితేనేం, ప్లాస్టిక్ అయితేనేం.

నీలం పరిచాను, మీద బూడిద. తిప్పాను. మళ్ళీ. నీళ్ళు పోసి రెండు చేతులతో రుద్దుతున్నాను. ఓ గంట అయ్యాక ఒకటి జరిగింది. నా అరచేతుల కింద ఏదో కదిలింది. నేను కుడికి రుద్దితే అది ఎడమకి రుద్దుతోంది. గుడ్డకి అవతలి వైపు నుంచి, కింద నుంచి ఎవరో రుద్దుతున్నట్టు. చెల్లి ఎప్పుడూ నాకు ఎదురు దిశలోనే రుద్దేది. వాన చేసేటప్పుడు ఇద్దరం బల్లకి చెరో వైపు నిలబడి అలాగే రుద్దేవాళ్ళం.

చేతులు తీసేశాను. బల్ల కింద చూశాను. ఏముంటుంది, ఈయన చెప్పులున్నాయి.

మళ్ళీ చేతులు పెట్టాను. భయమేసింది, నిజమే. అయినా పెట్టాను. వేళ్ళు నాని ముడతలు పడేదాకా తియ్యలేదు.


నవంబరు 23, ఆదివారం

నీలం పైకి వస్తోంది. నిన్న పైన అంతా బూడిదే. ఇవాళ విప్పి చూస్తే సన్నటి నీలం వెంట్రుకలు, ముందు రొమ్ము దగ్గర ఎక్కువ. పీకేస్తే వస్తాయి, వాటి పక్కన ఇంకో రెండు లేస్తాయి.

టీచరమ్మకి ఫోన్ చేశాను. "లోపలి రంగు పైకి పాకడం మామూలేనమ్మా. ఎంత రుద్దితే అంత వస్తుంది. ఉన్ని స్వభావం అది," అంది. "అడ్డు సరిగ్గా పెట్టావుగా?"

"పెట్టాను," అన్నాను. పెట్టానుగా.

సాయంత్రం పిల్ల వచ్చింది. చుట్ట మీద చెయ్యి వేసి చాలాసేపు కూర్చుంది. తన షాపులో ఎవరో పెద్దాయన రెండు కళ్ళద్దాలు ఒకదాని మీద ఒకటి పెట్టుకొచ్చి మూడోది కావాలన్నాడట, చెప్తూ నవ్వింది. నవ్వినప్పుడు అచ్చం చెల్లే. ఆ నవ్వు మొహం మీద ఉండగానే అడిగింది.

"నొప్పిగా ఉందని ఏమైనా అందా పెద్దమ్మా? ఎక్కడైనా?"

"లేదమ్మా. నొప్పి గిప్పీ ఏం లేదు. హాయిగా మాట్లాడింది."

"హాయిగా," అంది. ఆ మాట అలాగే అప్పజెప్పింది.

వెళ్ళాక ఈయన నన్ను చూడకుండా అన్నారు. "ఎన్నాళ్ళు చెప్తావు?"

"దానికి కావలసినన్నాళ్ళు."

"దానికా?"


నవంబరు 26, బుధవారం

రాయాలి. రాయకపోతే దీన్ని కూడా ఇంకోలా మార్చేస్తాను, నన్ను నేను నమ్మను.

తడి చుట్ట బరువుగా ఉంది, ఈయన భుజాన వేసుకుని మెట్లెక్కారు. "శవాన్ని మోస్తున్నట్టుంది," అని నాలుక కరుచుకున్నారు. బల్ల మీద దించి వెంటనే వెళ్ళిపోయారు.

చాపలో చుట్టి దొర్లించాం. అందరం వంతులేసుకుని, ఒక్కో వైపూ రెండేసి వందల సార్లు. నర్సు ప్రసూతి వార్డు కబుర్లు చెప్తూ లెక్క తప్పించింది, మళ్ళీ మొదటి నుంచి. పిల్ల నా ఎదురుగా నిలబడి తోసింది. నేను తోస్తే తను లాగింది. విప్పి చూస్తే ఫెల్ట్ బిగిసి, కొలతకి తగ్గి, ముద్దొచ్చేలా ఉంది. నీలం అక్కడక్కడా తేలింది గానీ అదీ బాగుందన్నారు.

టీచరమ్మ కత్తెర పిల్ల చేతికిచ్చింది. "నువ్వే కొయ్యి తల్లీ. మెడ."

పిల్ల కోసింది. బూడిద, దాని కింద నీలం. అక్కడ ఖాళీ రావాలి. రాలేదు. ఇంకాస్త లోతుగా కోసింది. మళ్ళీ నీలం, మళ్ళీ బూడిద. కత్తెర మెడ దగ్గర దిగి వీపులోంచి బయటికొచ్చింది.

టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుని, కోసిన చోట వేళ్ళు పెట్టి రెండు వైపులా లాగింది. రాదు. వెంట్రుకలు గుడ్డలోంచి దూరి ఇటువి అటు, అటువి ఇటు పోయి ముడిపడ్డాయి. ముందూ వెనకా ఒకటే పలక అయిపోయింది. మధ్యలో నా కర్టెన్ దారాలు కనిపిస్తున్నాయి.

"ఇదేంటమ్మా? గుడ్డ పెట్టావా? పల్చటి గుడ్డలోంచి ఉన్ని దూరిపోతుందని మొదటి రోజే చెప్తాం కదా! నాకు నేర్పిందే మీ చెల్లెలు. ప్లాస్టిక్ ఉండగా గుడ్డ ఎవరు పెట్టమన్నారు?"

ఆవిడ కోపంగా కూడా అనలేదు. మామూలుగానే అడిగింది. నా నోరు నా కంటే ముందు తెరుచుకుంది.

"చెల్లే. ఫోన్లో చెప్పింది."

పిల్ల కత్తెర బల్ల మీద పెట్టింది. చప్పుడు కాకుండా పెట్టింది.

"అమ్మ చెప్పలేదు పెద్దమ్మా," అంది. "ఆ ఫోన్ చేసింది నేను."

నాకు అర్థం కాలేదు. ఏంటి, అన్నాను.

"ఆ రోజు మా షాపు మధ్యాహ్నమే మూసేశారు. మూడున్నరకి ఇంట్లో ఉన్నా. నా ఎదురుగానే పడిపోయింది. అంబులెన్సుకి చేశా. అప్పటికే మాట లేదు అమ్మకి. వస్తున్నాం వస్తున్నాం అంటున్నారు వాళ్ళు. అమ్మ ఫోన్ తీసి పట్టుకుంది, ఎడం చేత్తో. నీ పేరు మీద వేలు పెట్టింది. వేలు నిలవట్లేదు, నేను నొక్కా." షాపులో కళ్ళ నంబరు చదివినట్టు చెప్పింది. "నువ్వెత్తి ఏదో ఒకటి అంటావు కదా. ఏంటే, అన్నా చాలు. అమ్మ చెవి దగ్గర పెడదామనుకున్నా."

నర్సు లేచి వచ్చి పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. పిల్ల ఆ చెయ్యి మెల్లగా తీసేసింది.

"మరి నన్ను అన్నిసార్లు..." అన్నాను. "ప్రతి వారం అడిగావు కదే."

"ఒకసారైనా నిజం చెప్తావేమోనని."

సంచీ తీసుకుంది. గుమ్మం దగ్గర ఆగింది. "బావుండేవి పెద్దమ్మా, నువ్వు చెప్పే మాటలు. అమ్మ అలా ఎప్పుడూ మాట్లాడదు. అయినా బావుండేవి."

మెట్ల మీద చెప్పుల చప్పుడు వినపడింది. వెంటపడి వెళ్ళాల్సింది. బల్ల అంచు పట్టుకుని అక్కడే నిలబడ్డాను.


నవంబరు 27, గురువారం

ఈయనకి చెప్పాను. గడియారం కింద పెట్టారు, భూతద్దం తీశారు.

"నేనైనా వచ్చి ఎత్తాల్సింది," అన్నారు. "పది అడుగులు. మీ అక్కచెల్లెళ్ళ గొడవలో నేనెందుకులే అనుకున్నా."

ఇద్దరం అలాగే కూర్చున్నాం. అంత గడియారాల మధ్య కూడా టైమెంతయిందో ఇద్దరికీ తెలియలేదు.


నవంబరు 28, శుక్రవారం

చెవి దగ్గర పెడదామనుకుందట.


నవంబరు 29, శనివారం

ఏంటే అంటే చాలట.


నవంబరు 30, ఆదివారం

పిల్ల రాలేదు. నేనే వెళ్ళాను.

రెండు గదుల ఇల్లు. తలుపు తీసింది, లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. వెళ్ళి కూర్చున్నాను. చెల్లి ఉన్ని బుట్టలు గోడ పొడుగునా అలాగే ఉన్నాయి. పిల్ల ఎదురుగా కూర్చుని, కళ్ళద్దాలు తుడిచే గుడ్డతో చెల్లి పాత కళ్ళజోడు తుడుస్తోంది. తుడిచిందే తుడుస్తోంది.

"ఎందుకెత్తలేదు?" అంది.

ప్యాంటు, అంచు, నోట్లో సూదులు. అన్నీ నాలిక చివరిదాకా వచ్చాయి. మింగేశాను.

"సూదులు పనిలో ఉన్నప్పుడు పెట్టుకున్నవే," అన్నాను. "ఫోన్ మోగగానే తీసి డబ్బాలో వేశాను. చేతులు ఖాళీ. ఫోన్ ఎదురుగా బల్ల మీద ఉంది. మీ అమ్మ పేరు వెలుగుతోంది. నాకు సంతోషమేసిందే. పది నెలలకి దిగొచ్చింది కదా అని. మోగనీ, ఇంకాస్త మోగనీ అనుకుంటూ కూర్చున్నా. మొదటిసారికే ఎత్తితే చులకనైపోతానని. ఆగిపోయాక కూడా ఫోన్ దగ్గర్నించి లేవలేదు. మళ్ళీ చేస్తుందిగా, రెండోసారి చేస్తే ఎత్తుదామనుకున్నా. ఏడయ్యేదాకా కూర్చున్నా."

ఈ మాట నేను ఇక్కడ కూడా రాయలేదు. ఈయనకి కూడా తెలీదు. చెప్పేటప్పుడు నా గొంతు ఎవరిదోలా ఉంది.

పిల్ల తుడవడం ఆపింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"రెండోసారి చెయ్యబోయా," అంది. "నొక్కబోతుంటే అమ్మే నా చెయ్యి పట్టుకుంది. వద్దంది."

"వద్దని ఎలా చెప్పింది? మాట లేదు కదా."

"తలతో. ఇలా." పిల్ల తల ఒక్కసారి అటూ ఇటూ ఊపి చూపించింది.

"కోపంగానా? విసుగ్గానా? పోనీలే, అక్క పనిలో ఉంది, విసిగించకు అన్నట్టా?"

"తెలీదు పెద్దమ్మా."

"మొహం ఎలా ఉంది? మొహం చూశావు కదా?"

"ఒక పక్క పడిపోయింది మొహం. దాంట్లో ఏమీ తెలీదు."

"కళ్ళు? కళ్ళల్లో ఏమైనా..."

అడుగుతూనే ఉన్నాను. ఎన్నిసార్లు అడిగానో తెలియదు. ఇంకోసారి ఊపి చూపించమన్నాను. చూపించింది. ఇంకా మెల్లగా, అన్నాను. పిల్ల నన్నే చూస్తూ, మళ్ళీ ఊపింది. ఏదో ఒక అబద్ధం చెప్పెయ్యొచ్చు. కోపం లేదు పెద్దమ్మా, నవ్వింది పెద్దమ్మా, అని ఒక్క మాట. చెప్పలేదు.


డిసెంబరు 3, బుధవారం

ఏ మొహం పెట్టుకుని వెళ్తావు అని నన్ను నేనే తిట్టుకుంటూ వెళ్ళాను. నా సంగతి ఎవరూ ఎత్తలేదు. నర్సు కుర్చీ లాగి, "కూర్చో అక్కా," అంది. నేనేమీ తెచ్చుకోలేదు, ఆవిడ ఉన్నే కాస్త ఏకిపెట్టాను.

పిల్ల ఆలస్యంగా వచ్చింది. వస్తుందనుకోలేదు. అందరి పనులూ బల్ల చుట్టూ తిరిగాయి, తన వంతు మెప్పులూ వంకలూ తనూ చెప్పింది. కప్పులు కడుగుతుంటే పక్కన నిలబడి తుడిచింది.

ఇద్దరం కలిసే దిగాం. మెట్ల మలుపులో నా కాళ్ళు వాటంతట అవే నెమ్మదించాయి. ఏమంది పెద్దమ్మా అని మొదటిసారి అడిగింది అక్కడే. రైలింగు పట్టుకుని కాసేపు నిలబడ్డాను. తనూ నిలబడింది. చెయ్యి పట్టుకుని నన్ను దింపింది.

ఏమీ అడగలేదు.